ముఖం మేడం కాల్ షీటు

రెజీనా మేడం నన్ను దొంగను చూసినట్టు చూడడం కొత్తేమీ కాదు. గోదావరిఖని మార్కెట్ వెనక సందులో నేను జిరాక్స్, డీటీపీ షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినా సరే, ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకె అంకె పోల్చుకున్నాకే సంచిలో వేసుకుంటుంది. మిషనుకు మోసం చేయడం రాదు మేడం అని ఒకసారి నవ్వాను. "మిషనుకు రాదు వీరేందర్, మిషను మీద చెయ్యి పెట్టినోనికి వస్తది" అంది. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

కానీ మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆమె చూసిన చూపు వేరు. ఎందుకంటే ఆ రోజు నేను నిజంగానే దొంగను.

కంప్యూటరు తెర మీద మరునాటి సినిమా షూటింగు కాల్ షీటు ఉంది. మేడం స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టింది.

"ఇరవై మూడు చూడు. ముప్పై ఒకటి చూడు."

చూశాను. ఇరవై మూడులో పోశం. ముప్పై ఒకటిలో గట్టయ్య. ఇద్దరిదీ రామగిరి మండలంలో ఒకటే ఊరు. ఇద్దరిదీ ఒకటే ఫోన్ నంబరు.

"టైపింగు తప్పు కావచ్చు మేడం."

"పదికి పది అంకెలు తప్పయినయా? తప్పు గంత ముద్దుగ ఒకదాని మీద ఒకటి కూసుంటదా?" అని నా వైపు తిరిగింది. "ఎవడన్న నిన్ను మంచిగ అర్సుకున్నడా?"

లేదు మేడం అన్నాను. అది నిజమే, ఎవరూ నాకేమీ ఇవ్వలేదు. కానీ ఇరవై మూడూ ముప్పై ఒకటీ ఒక్క మనిషేనని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత చెబుతాను. ముందు ఈ షూటింగు గొడవ ఏమిటో, ఈ మేడం ఎవరో చెప్పాలి.

హైదరాబాదు నుంచి ఒక సినిమా యూనిట్ వచ్చి మా దగ్గర పది రోజులుగా ఉంటోంది. మూతబడిన ఒక పాత గని గేటు దగ్గర వాళ్లకో సీను తీయాలి. షిఫ్టు దిగి నలభై మంది కార్మికులు గేటు దాటి బయటకు వస్తారు. మాటలు లేవు, నడకే. ఆ నడక కోసం డైరెక్టరుకు అసలు మనుషులే కావాలట. గనిలో వంగి వంగి నడుములు పోయినవాళ్లు, రిటైరైనవాళ్లు. మా దగ్గర అటువంటివాళ్లకు కరువేముంది? చాయ్ హోటలు ముందు ఒక్క కేక వేస్తే నలభై మంది వస్తారు. సినిమా అనేసరికి నాలుగు వందల మంది వచ్చారు.

అందులోంచి నలభై మందిని ఏరి కాగితం మీద పెట్టాలి. కాల్ షీటంటే అదే. ఎవరు, ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఏ వేషంలో రావాలి, ఎవరిని ఏ బండి ఎక్కడ ఎక్కించుకోవాలి, టిఫిన్ ఎప్పుడు, దగ్గరలో దవాఖాన ఎక్కడ, సూర్యుడు ఎన్ని గంటలకు పొడుస్తాడు, అన్నీ అందులో ఉంటాయి. హీరోల పేజీ హైదరాబాదులోనే తయారవుతుంది. మావాళ్ల పేజీ మాత్రం యూనిట్ మేనేజరు రఘుపతి రెజీనా మేడానికి అప్పగించాడు. మస్టరు రాసిన చెయ్యి అని ఎవరో చెప్పారట. పేర్లు రాసుకుని టైపు కొట్టేది మాత్రం నా షాపులోనే.

అప్పగిస్తూ ఒక షరతు పెట్టాడు. "కార్డులో పేరు, కాల్ షీట్లో పేరు, మనిషి, మూడూ ఒకటే ఉండాలమ్మా. పోయిన సినిమాకి ఒక ఊళ్లో పేర్లు ఒకళ్లవి, వచ్చిన మనుషులు వేరేవాళ్లు. రెండో రోజు ముఖాలు కలవక సీనంతా పారేశాం. ఇక్కడ ఒక్క బోగస్ పేరు దొరికినా నలభై మందినీ వెనక్కి పంపి జూనియర్ ఆర్టిస్టుల్ని దించేస్తాను."

వేరేవాళ్లయితే బెదిరేవారు. మేడం ముఖం వెలిగింది. ముప్పై ఒక్కేళ్లు తను చెప్పిన మాటే మరొకరి నోట విన్నది మరి.

రెజీనా మేడం పుట్టింది బెల్లంపల్లిలో. తండ్రి తోమాసు గని కార్మికుడు. పెళ్లయి గోదావరిఖనికి వచ్చింది. భర్త జాన్ ప్రసాద్ కూడా గనిలోనే. పెళ్లయిన ఎనిమిదేళ్లకు ఆయన జబ్బు చేసి పోతే, ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చి మస్టరు ఆఫీసులో కూర్చోబెట్టారు. మస్టరు అంటే హాజరు. షిఫ్టుకు ముందు కార్మికులు కిటికీ బయట వరుస కడతారు, లోపల క్లర్కు పేరు పిలుస్తుంది, హాజరు అంటే మస్టరు పడుతుంది, మనిషి గనిలోకి దిగుతాడు.

చేరిన మొదటి నెలలోనే ఆమెకు దెబ్బ తగిలింది. ఒక పేరు పిలిస్తే హాజరు అని గొంతు వినిపించింది, మస్టరు వేసింది. ఆ షిఫ్టులో గని కప్పు కొంత కూలింది. అందరూ బయటకు వచ్చారు, ఆ పేరు మనిషి రాలేదు. మస్టరులో ఉన్నాడు కాబట్టి లోపలే ఉన్నాడని నలుగురు రెస్క్యూ వాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నాలుగు గంటలు వెతికారు. ఆ మహానుభావుడు మా పక్కనే ఉన్న జైపూర్‌లో బామ్మర్ది పెళ్లిలో భోజనాలు వడ్డిస్తున్నాడు. గొంతు ఇచ్చింది అతని దోస్తు.

మరునాటి నుంచి రెజీనా మేడం గొంతును నమ్మడం మానేసింది. పేరు పిలిచేది, హాజరు అనగానే "ముఖం చూపెట్టు" అనేది. కిటికీలోకి తల వంచి ముఖం చూపిస్తేనే మస్టరు. ఎంత పెద్ద లీడరైనా అంతే. అలా ముఖం మేడం అయింది. ఇంకో నియమం కూడా ఆమెదే. పేరు మూడుసార్లు పిలుస్తుంది. మూడో పిలుపుకు రాకపోతే నాగా. నాలుగో పిలుపు ఉండదు. చాయ్ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చి కాళ్లావేళ్లా పడినవాళ్లున్నారు. ముప్పై ఒక్కేళ్లలో ఎవరి కోసమూ నాలుగోసారి నోరు తెరవలేదు.

నిరుడు రిటైరయింది గానీ అనుమానం రిటైరు కాలేదు. పాలవాడి లీటరును సొంత గిన్నెతో కొలుస్తుంది. చర్చిలో పాస్టరు రెండు వందల మంది వచ్చారంటే, నూటా డెబ్భై నాలుగని సరిచేస్తుంది. నన్ను అనుమానించడం సరే సరి.

ఇక నా దొంగతనం.

మా బొగ్గు ప్రాంతంలో ఒక మనిషికి రెండు పేర్లుండడం వింత కాదు. వెనకట ఉద్యోగం అన్న పేరున వస్తే తమ్ముడు చేరేవాడు, బావ పేరున వస్తే బామ్మర్ది చేరేవాడు. ఫొటోలు పట్టి పట్టి చూసే రోజులు కావు. చేరిన రోజు ఏ పేరు పడితే దిగిపోయేదాకా అదే పేరు. మావాళ్లు దాన్ని మారుపేరు అంటారు. గనిలో ఉన్నన్నాళ్లూ అడిగేవాడు ఉండడు, కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకునేనాడు మాత్రం మెడకు చుట్టుకుంటుంది. ఈ పేరూ ఆ పేరూ ఒక్కడివే అని అఫిడవిట్లు కొట్టి కొట్టి నా కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి.

పోశం, గట్టయ్య అన్నదమ్ములు. ఉద్యోగం వచ్చింది పెద్దవాడు గట్టయ్యకు. డాక్టరు పరీక్ష అయింది, ఒంటి మీది గుర్తులు రిజిస్టరులో రాసుకున్నారు. గట్టయ్య మొదటి రోజు గనిలోకి దిగాడు, ఆ చీకటి చూశాడు, పైకొచ్చి ఊరి దారి పట్టాడు. మరునాడు ఆ కాగితమే పట్టుకుని చిన్నవాడు పోశం దిగాడు. దిగినవాడు ముప్పై తొమ్మిదేళ్లు గట్టయ్యగానే ఉన్నాడు.

ఏడేళ్ల కింద మోకాళ్లు అరిగి పోశం అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం కొడుకు భూపాల్‌కు రావాలి. అఫిడవిట్లు నేనే కొట్టాను. ఫైలు బల్లలన్నీ దాటి రెజీనా మేడం బల్ల మీదికి వచ్చింది. రోజూ ముఖం చూసింది ఆమే కాబట్టి, ఈ మనిషే ఆ మనిషి అని ఒక్క ముక్క రాస్తే చాలు. మేడం పాత రిజిస్టరు తెప్పించింది. ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత మచ్చ అని ఉంది. అది అన్న మచ్చ. మేడం ఎర్ర ఇంకుతో రాసింది: "మచ్చ లేదు. మనిషి వేరు."

పెన్షను వరకు ఎలాగో దక్కింది గానీ ఫైలు అక్కడే మునిగింది. భూపాల్ ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద లారీ నడుపుతున్నాడు.

అదే పోశం నాలుగు రోజుల కింద నా షాపుకొచ్చి కాల్ షీట్లో పేరు రాయించుకున్నాడు. గట్టయ్యేనా అంటే, "కాదు, పోశం అని రాయి" అన్నాడు. కార్డు ఏదన్నాను. "రాయి నాయనా" అన్నాడు. ఆ గొంతు విని రాసేశాను. మరునాడు నేను అన్నానికి వెళ్లినప్పుడు అతని భార్య సారవ్వ ఫోన్ చేసి, షాపులో ఉన్న మా ఆవిడ రమకు గట్టయ్య అని ఇంకో పేరు రాయించిందట. అది నేను చూసుకోలేదు. చూసింది ఎవరయ్యా అంటే లోకంలో చూడకూడని మనిషి. ఒకసారి ఆ ఇంటి మీద గీసిన ఎర్ర పెన్ను ఇంకా ఆమె సంచిలోనే ఉంది.

"ఫోన్ చేసి అడుగుదాం మేడం," అన్నాను.

"ఫోన్ల ఎవడన్న ఎవని లెక్కనన్న మాట్లాడుతడు. గొంతుకు ముఖం ఉండదు. బండి తియ్యి."

సాయంత్రం ఆరుకల్లా షీటు రఘుపతికి చేరాలి. అప్పటికి రెండు దాటింది. స్కూటీ మీద సెంటినరీ కాలనీ దాటి రామగిరి వైపు వెళ్లాం. దారంతా ఆమె ప్రశ్నలే. ఈ తొవ్వ ఎందుకు పట్టావు, ఆ ఇల్లు నీకెలా తెలుసు, ముందే ఫోన్ చేసి చెప్పావా. రోడ్డు మీద బొగ్గు లారీల దుమ్ములో నా అబద్ధాలు సగం ఎగిరిపోయాయి. మిగిలిన సగం ఆమె నమ్మలేదు.

ఊళ్లోకి వెళ్లేసరికి సారవ్వ వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. మేడాన్ని చూడగానే చేతులు దులుపుకుని లేచింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఇంకేం మిగిలిందని వచ్చినవ్ మేడం?"

"పేరు అడుగతందుకు వచ్చిన అక్కా."

ఆ మాటకు లోపల్నుంచి పోశం వచ్చాడు. బక్కపలచని మనిషి, అరవై ఆరేళ్లుంటాయి. మేడాన్ని చూసి తువ్వాల భుజం మీంచి తీసి, చేతులు పక్కకు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. కిటికీ ముందు నిలబడ్డట్టే.

"పేరేంది?" అంది మేడం.

"గట్టయ్య! గట్టయ్యనే రాసుకో," అని సారవ్వ అందుకుంది.

"పోశం," అన్నాడాయన.

"రెండు పేర్లు ఎందుకిచ్చిన్రు? రెండు తిఫినీలకా?"

అంత మాట అనాల్సింది కాదు. నాకు ఒళ్లు మండింది. సారవ్వ మాత్రం తడుముకోలేదు. "తిఫినీల కోసం నీ సినిమాకు రావాల్నా? మా ఇంట్ల గింత సర్వపిండి లేదా? గాయన పోశం అని రాయించుకున్నడని తెల్వంగనే నాకు గుండెల దడ పుట్టింది. పింఛన్ వచ్చేది గట్టయ్య పేరు మీద. ఎవడన్న చూసి గీ పోశం ఎవడని ఆపితే? ఒకపారి గట్లనే గదా మా కొంప ముంచినవ్. అందుకే గట్టయ్య అని నేను రాయించిన. ఏది నడిస్తే అది నడుస్తదని."

"అంటే ఇద్దరు కాదు, ఒక్కడే," అంది మేడం. ఆమె ముఖంలో ఒక లెక్క తేలినట్టయింది. "కార్డులు తే."

పోశం రేకుపెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఆధార్ గట్టయ్య. పెన్షన్ కాగితం గట్టయ్య. బ్యాంకు పుస్తకం గట్టయ్య. మేడం ఒక్కోటీ తిప్పి చూసి పక్కన పెట్టింది.

"పోశం పేరు మీద ఏమున్నది?"

పోశం పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీశాడు. మరణ ధ్రువీకరణ పత్రం. మృతుడి పేరు పోశం.

"మా అన్నది మేడం. నేను గట్టయ్య అయినంక అన్నకు నా పేరే మిగిలె. ఇద్దరు గట్టయ్యలు ఉండరు గదా. భూమి పాసుబుక్కుల పోశం, ఓటు లిస్టుల పోశం. నిరుడు సచ్చిపోతే పోశం సచ్చిండని రాసిండ్రు."

ఆ కాగితాన్ని కూడా మేడం ఎండకు ఎత్తి పట్టి ముద్ర అసలుదేనా అని చూసింది. నాకు నిజంగా తల పట్టుకోవాలనిపించింది.

"కాయితం మీద పోశం సచ్చిండు," అంది. "సచ్చినోని పేరు నన్ను రాయమంటవా?"

పోశం తలవంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "కంపెనీ క్వార్టర్లల్ల అందరికి గట్టయ్యనే. ఊళ్లెకు వచ్చినంక గూడ పోరగాండ్లు గట్టయ్య తాత అనే అంటరు. పోశం అని పిలిచేటిది మా అవ్వ ఒకతె, మా అన్న ఒకడు. అవ్వ ఎన్నడో పాయె. అన్న పోయినంక ఆ పేరు పిలిచేటోళ్లు ఇంక లేరు మేడం. రేపు గేటు కాడ మీరు పేర్లు పిలుస్తరని విన్న. ఒక్కపారి పిలిపిచ్చుకుందామని రాయించుకున్న. సినిమాల నా ముఖం కనవడకున్నా ఫికర్ లేదు."

సారవ్వ పత్తి వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇది ఆమెకూ కొత్తగానే చెప్పినట్టున్నాడు.

"రుజువు లేని పేరు నేను రాయ. నీకు ఎర్కనే గదా," అంది మేడం. కానీ గొంతు కాస్త దిగింది.

"రుజువు రుజువు అనే నా కొడుకు నోట్లె మన్ను కొట్టినవ్," అంది సారవ్వ.

"ఉన్నదే రాసిన అక్కా. లేని మచ్చ ఉన్నదని ఎట్ల రాయాలె?"

"అవు, ఉన్నదే రాసిండ్రు," అన్నాడు పోశం. భార్యను ఆపడానికి చెయ్యి ఎత్తాడు. "ఇయ్యాల రుజువు అడిగిండ్రు గదా, చెప్తున్న. నేను గట్టయ్యను కాదని లోకం మొత్తంల ఒక్క కాయితం మీదనే ఉన్నది. గది మీ ఎర్ర రాత. ఆ దినం నా కొడుకు ఏడ్చిండు, గామె మన్ను దుమ్మెత్తి పోసింది. నాకూ బాధనే. గాని సిగ్గిడిచి చెప్తున్న మేడం, ముప్పై తొమ్మిదేండ్లల్ల ఒక్కరన్న నా ముఖం చూసి ఈడు గట్టయ్య కాదు అన్నరు గదా అనుకున్న. నాకున్న రుజువు గదే."

మేడం కళ్లద్దాలు తీసి తుడిచింది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది. ఆయన ఎడమ చెంపను చాలాసేపు చూసింది. తర్వాత సంచి భుజాన వేసుకుని, "టైం అయితాంది, బండి తియ్యి" అంది. రాస్తానో రాయనో చెప్పలేదు. పోశం కూడా అడగలేదు.

తిరుగుదారిలో ఒక్క మాట లేదు. ఆమె తిట్టినా నాకు భయం లేదు, ఈ మౌనమే నమ్మలేను. ఫైలు మీద ఎర్ర ఇంకు పడిన రోజు కూడా మేడం ఎవరితోనూ మాట్లాడలేదని ఆఫీసువాళ్లు చెప్పుకునేవారు. మళ్లీ అదే చేస్తుంది, ఇరవై మూడూ ముప్పై ఒకటీ రెండూ కొట్టేస్తుంది, చేతులు దులుపుకుంటుంది అనుకున్నాను. స్కూటీని గుంతల్లోంచి పోనిచ్చానంటే కావాలనే.

షాపు చేరేసరికి అయిదు దాటింది. కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ముప్పై ఒకటి తీసెయ్. వెయిటింగుల ఉన్నోన్ని ఎక్కియ్యి."

తీసేశాను.

"ఇరవై మూడు మేడం?"

సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆమె పెన్ను కొసతో తెర మీద కార్డు నంబరు రాయాల్సిన గడిని తాకింది.

"గీన్ల కొట్టు. ఎడమ చెంప మీద మచ్చ లేదు. మనిషి పోశమే. చూసి రాసింది రెజీనా."

నేను కొట్టకుండా ఆమె వైపే చూస్తున్నాను.

"ఏంది చూస్తున్నవ్? అక్షరం తప్పు పోకుంట కొట్టు."

కొట్టాను. ప్రింటు తీశాను. ఆమె అలవాటు ప్రకారం ఒక్కో పేరు మీద వేలు పెట్టి నలభై పేర్లూ చదివింది. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "నీకు మొదటి నుంచి ఎర్కనే గదా?"

"ఎర్కనే మేడం."

"నాకెర్కనే నీకెర్కనని," అని వెళ్లిపోయింది.

నేను మాత్రం ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. ముప్పై తొమ్మిది మంది నడక ఇప్పుడు ఒక మచ్చ లేని చెంప మీద ఆధారపడి ఉంది. రఘుపతి ఒప్పుకోకపోతే వాళ్లందరూ వెనక్కే. కాగితం ప్రకారం చనిపోయిన మనిషికి ముఖం మేడం జామీను నిలబడింది.

శనివారం పొద్దున ఆరున్నరకు పాత గని గేటు ముందు నలభై మంది నాలుగు వరుసల్లో నిలబడ్డారు. నీలం చొక్కాలు, నెత్తిన టోపీలు, నడుముకు లైటు బ్యాటరీలు. కొందరి భుజాల మీద బొగ్గు ఎత్తే తట్టా, చెమ్మస్ అనే పారా. వేషం ఇచ్చినవాళ్లు సర్దబోతే, "మాకు నేర్పకున్రి" అని వాళ్లే సర్దుకున్నారు. పోశం మూడో వరుసలో ఉన్నాడు. తాడు కట్టిన అవతల ఊరి జనం. అందులో సారవ్వ, ఆమె పక్కన నేను.

మేడం కాగితం పట్టుకుని ముందు నిలబడింది. పక్కన రఘుపతి, చేతిలో పెన్ను. షీటు చూస్తూ చూస్తూ ఇరవై మూడు దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా? కార్డు నంబరు రాయమంటే చెంప మీద మచ్చ లేదని రాశారు?"

"పిలిచినంక మనిషిని చూద్దువు."

పిలవడం మొదలైంది. మైకు వద్దంది. పేరు, హాజరు, ముఖం. పేరు, హాజరు, ముఖం. రిటైరైనవాళ్లందరి నడుములూ ఒక్కొక్కటే నిటారుగా అయ్యాయి. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

"పోశం!"

ఎవరూ పలకలేదు.

నేను పోశం వైపు చూశాను. గడ్డం పైకెత్తి, చూపు గేటు మీద పెట్టి, ఎంతో శ్రద్ధగా నిలబడి ఉన్నాడు. తన పేరు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్న మనిషిలాగే ఉన్నాడు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ వరుసలో నిలబడి ఆయన చెవి గట్టయ్య అన్న పిలుపు కోసమే కాచుకుంది. ఇప్పుడు గని గేటు, వరుస, మేడం గొంతు, అన్నీ అవే. చెవి మళ్లీ దానికోసమే కాచుకుంటోంది.

"పోశం!"

వరుసలో తలలు అటూ ఇటూ తిరిగాయి. ఎవడీ పోశం? పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడవడానికి కూడా లేదు, వాళ్లందరికీ ఆయన గట్టయ్య. పోశం కూడా అందరిలాగే పక్కకు చూశాడు, రాని మనిషి ఎవరా అని. నేను అరవబోయాను. మేడం నా మీద ఒక చూపు విసిరింది. ఇంకొకరు అందించిన హాజరు ఆమె దగ్గర చెల్లదు. సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోశం!"

మూడో పిలుపు. రఘుపతి పెన్ను టోపీ తీశాడు. "నేను చెప్పానా లేదా? బోగస్. అమ్మా, ఆ షీటు ఇటివ్వండి, మొత్తం ఆపేద్దాం."

ముఖం మేడం షీటు ఇవ్వలేదు. గుండెలకు అదుముకుంది. తర్వాత వరుసల మధ్యకు నడిచింది. ఒకటో వరుస దాటింది, రెండో వరుస దాటింది. మూడో వరుసలో ఆయన ఎదురుగా ఆగింది. మస్టరు కిటికీకి ఇటూ అటూ నిలబడే ఇద్దరి మధ్య ఉన్నంత దూరమే ఉంది.

"పోశం," అంది. గట్టిగా అనలేదు.

ఆయన ఆమెను చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మళ్లీ ఆమెను చూశాడు.

"నన్నేనా మేడం?"

"నిన్నే. ముఖం చూసే పిలుస్తున్న."

పోశం నెత్తి మీది టోపీ తీసి, ఎడమ చెంప ఆమె వైపు తిప్పి, "హాజరు" అన్నాడు. రఘుపతి తన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. మేడం ఇరవై మూడు పక్కన టిక్కు పెట్టి, అక్కడి నుంచే ఇరవై నాలుగో పేరు పిలిచింది.